కంప్యూటర్‌లో ఆడే వీడియో బ్లూ-రే ప్లేయర్‌లో ఎందుకు ఆడడం లేదు? ఇంట్లోనే డిస్క్ తయారు చేసుకోవడం ఎలా?

ప్రశ్న: ప్రభల వీధి, అంబాజీపేట

నమస్కారమండి. ఈ ఏడాది కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థాన్ని, పొద్దున్న వెదురుతో కట్టి భుజాల మీద మోసే ప్రభలు ఊళ్లలో లేచింది మొదలు సాయంత్రం తిరుగు ప్రయాణం వరకు, కామ్‌కార్డర్‌తో చిత్రీకరించాను. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను కౌశికలోంచి దాటించే ఘట్టాన్ని అవతలి ఒడ్డు నుంచి మా తమ్ముడు ఫోన్‌తో తీశాడు. అనవసరమైనవి తీసేసి కూర్చగా మొత్తం గంటన్నర వచ్చింది.

అమలాపురంలో ఉండే మా పెదనాన్నగారు మోకాళ్ల నొప్పుల వల్ల తీర్థానికి రాలేకపోతున్నారు. ఆయన టీవీకి బ్లూ-రే ప్లేయర్ ఉంది. డిస్క్ పెట్టి మీట నొక్కడం తప్ప మరో పద్ధతి ఆయనకు నచ్చదు. అందుకని దగ్గరి పట్టణంలోని ఒక దుకాణంలో 25 జీబీ డిస్క్ మీద రాయించాను. అది నా కంప్యూటర్‌లో చక్కగా తెరుచుకుంటోంది కానీ ఆయన ప్లేయర్‌లో పెడితే ఈ డిస్క్‌ను చదవడం సాధ్యం కాదని వస్తోంది. తెరిచి చూస్తే అందులో ఒకే ఒక్క ఎంపీ4 ఫైలు ఉంది. దుకాణంవారిని అడిగితే ప్లేయర్ పాతదైపోయిందన్నారు.

ఇక నేనే తయారు చేసుకోవాలని యూఎస్‌బీతో కలిపే బ్లూ-రే రైటర్ ఒకటి కొన్నాను. కంప్యూటర్ విండోస్ 11. కామ్‌కార్డర్ ఫైళ్లు 1080పీ, సెకనుకు 50 ఫ్రేములు, 28 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు). ఫోన్ ఫైళ్లు సెకనుకు 30 ఫ్రేములు. నాణ్యత తగ్గకుండా, ఆ ప్లేయర్ తప్పకుండా చదివేలా డిస్క్‌ను ఏ వరుసలో తయారు చేయాలో తెలిసినవారు చెప్పగలరు. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనకుండా పని జరిగితే మరీ మంచిది.

జవాబు: గట్టు మీద, రాజమహేంద్రవరం

మీ పెదనాన్నగారి ప్లేయర్‌లో లోపం ఏమీ లేదండి. బ్లూ-రే డిస్క్ మీద ఏదో ఒక వీడియో ఫైలు ఉన్నంత మాత్రాన అది బ్లూ-రే వీడియో కాదు. ప్లేయర్ డిస్క్‌ను తీసుకోగానే బీడీఎంవీ అనే ఫోల్డర్ కోసం వెతుకుతుంది. అందులో స్ట్రీమ్ అనే ఫోల్డర్‌లో ఎం2టీఎస్ రూపంలో అసలు వీడియో, ప్లేలిస్ట్ ఫోల్డర్‌లో ఏది ఏ వరుసలో ఆడాలో చెప్పే ఫైళ్లు, క్లిప్‌ఇన్ఫ్‌లో ఆ వీడియోల వివరాలు, వీటన్నిటికీ పైన ఇండెక్స్ ఫైలు ఉండాలి. డిస్క్ ఫైల్ సిస్టమ్ యూడీఎఫ్ 2.50 కావాలి. కొన్ని ప్లేయర్లు డేటా డిస్క్ మీది ఎంపీ4ను కూడా ఆడిస్తాయి, ఆడించాలన్న నియమం మాత్రం లేదు.

ఈ ఫోల్డర్లను కట్టడం సులభం. టీఎస్‌మక్సర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు వీడియోను, ఆడియోను ఇచ్చి బ్లూ-రే ఫోల్డర్ కావాలంటే నిమిషాల్లో కట్టి ఇస్తుంది. చిక్కంతా ఆ ఫోల్డర్‌లో పెట్టే వీడియోతోనే. బ్లూ-రే ప్రమాణం ఒప్పుకునే వీడియో రకాలు ఎంపెగ్-2, హెచ్.264, వీసీ-1. హెచ్.264లో లెవెల్ (ప్లేయర్ మోయాల్సిన భారానికి పెట్టిన హద్దు) 4.1 దాటకూడదు. సెకనుకు 50 పూర్తి ఫ్రేములున్న 1080పీకి లెవెల్ 4.2 అవసరమవుతుంది కనుక మీ కామ్‌కార్డర్ ఫైలు ఉన్నది ఉన్నట్టుగా ఈ ప్రమాణంలో ఇమడదు. టీఎస్‌మక్సర్ దాన్నీ అభ్యంతరం లేకుండా కట్టేస్తుంది, వీఎల్‌సీలో తెరిస్తే ఆడుతుంది కూడా, తీరా ప్లేయర్‌లో పెడితే ఆగి ఆగి నడుస్తుంది లేదా అసలు కదలదు. వీఎల్‌సీ దేనినైనా ఆడిస్తుంది కాబట్టి అందులో ఆడిందన్న మాటను పరీక్షగా లెక్కపెట్టకండి.

ప్రమాణంలో ఉన్నవి 1080పీ అయితే సెకనుకు 24, 1080ఐ అయితే 50 లేదా 59.94 ఫీల్డులు (ఒక్కొక్కటి సగం గీతలే ఉన్న అర ఫ్రేము), 720పీ అయితే 50 లేదా 59.94 ఫ్రేములు. మీకు పనికివచ్చేవి రెండే, 1080ఐ 50, 720పీ 50. నేనైతే మొదటిదే ఎంచుకుంటాను. ఒక ఫ్రేములోంచి సరి గీతలను, దాని తరువాతి ఫ్రేములోంచి బేసి గీతలను తీసి ఒకే ఫ్రేముగా అల్లడమే ఇంటర్లేస్ చేయడం. సెకనుకు ఫ్రేములు 25కు తగ్గినా, వాటిలో 50 వేర్వేరు క్షణాలు నిలిచి ఉంటాయి కాబట్టి భుజాల మీద ప్రభ ఊగుతూ వచ్చే కదలిక తెగినట్టు కనిపించదు. వీడియోలను మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఇంటర్లేస్ పేరుతోనే ఒక ఫిల్టర్ ఉంది. అది గీతల మధ్య కొద్దిగా మెత్తదనాన్ని కూడా కలుపుతుంది, దాన్ని తీసేయకండి. ప్రభ మీది రంగు గుడ్డల అంచులు, సన్నని వెదురు బద్దలు అది లేకపోతే తెర మీద మిణుకు మిణుకుమంటాయి.

ఎన్‌కోడింగ్‌కు, అంటే వీడియోను కుదించి హెచ్.264 రూపంలోకి మార్చడానికి, ఎక్స్264 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి. అందులో బ్లూ-రే అనుకూలత అనే ఎంపికను ఆన్ చేసి, గరిష్ఠ రేటు 40,000 (కేబీపీఎస్‌లలో), బఫర్ 30,000 (కిలోబిట్లలో), స్లైసులు 4, లెవెల్ 4.1 అని ఇవ్వాలి. 15 ఎంబీపీఎస్ మించిన వీడియోలో కీ ఫ్రేముల (వేరే ఫ్రేము మీద ఆధారపడకుండా పూర్తిగా దాచే ఫ్రేముల) మధ్య ఎడం ఒక సెకను దాటకూడదు కాబట్టి ఆ విలువ 25 పెట్టాలి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టే విలువ దీనికి చాలా రెట్లు ఎక్కువ. చాలామంది డిస్కులు ప్లేయర్‌లో మొరాయించేది ఇక్కడే అని నా అభిప్రాయం.

ఇక రేటు. గంటన్నర వీడియోను 30 ఎంబీపీఎస్ సగటుతో ఎన్‌కోడ్ చేస్తే వీడియో ఒక్కటే 20 జీబీ పైచిలుకు వస్తుంది. ఆడియో, ఎం2టీఎస్ ప్యాకెట్ల అదనపు బరువు కలిపినా 25 జీబీ డిస్క్‌లో పడుతుంది. కంప్యూటర్ ఆ డిస్క్‌ను 23.3 జీబీగా చూపిస్తుంది, అది లెక్కించే పద్ధతిలోని తేడాయే తప్ప డిస్క్‌లో లోటు కాదు. పొలం గట్ల మీద ప్రభలు సాగే దృశ్యానికి ఇంత రేటు అక్కర్లేదు. కౌశిక దగ్గర మాత్రం చిమ్మే నీళ్లు, నాలుగు వైపులా కదిలే జనం, బాణసంచా పొగ అన్నీ ఒకే ఫ్రేములో ఉంటాయి. రేటు తగ్గితే మొదట చెదిరిపోయేవి ఇవే. కనుక రెండు పాస్‌లలో, అంటే మొదటిసారి వీడియోను పరిశీలించి రెండోసారి రాసేలా, ఎన్‌కోడ్ చేయండి. తేలికైన చోట మిగిలిన బిట్లు అక్కడ ఖర్చవుతాయి.

ఆడియో సంగతి కూడా మరవవద్దు. ఫోన్ ఫైళ్లలోను, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చే ఎంపీ4లోను ఉండేది సాధారణంగా ఏఏసీ అనే రకం ఆడియో. అది బ్లూ-రే ప్రమాణంలో లేదు, అందువల్ల బొమ్మ వచ్చి శబ్దం రాకపోవచ్చు. దాన్ని 48 కిలోహెర్ట్జ్ ఏసీ3గా, 448 కేబీపీఎస్ దగ్గర మార్చుకోండి. స్థలం ఉంది కాబట్టి 640 పెట్టినా నష్టం లేదు.

ప్రశ్న అడిగినవారు: ప్రభల వీధి, అంబాజీపేట

ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలండి. రెండు సందేహాలు మిగిలాయి. ఫోన్‌లో తీసిన 30 ఫ్రేముల భాగాన్ని 50తో ఎలా కలపాలి? ఇప్పుడు ఎడిటింగ్‌లో రెండూ ఒకే వరుసలో ఉన్నాయి, ఫోన్ భాగం వచ్చినప్పుడల్లా కదలిక కుదుపుగా కనిపిస్తోంది. రెండోది, ప్రయత్నానికి ఒక చిన్న ముక్కను ఇంటర్లేస్ చేసి కంప్యూటర్‌లో చూస్తే కదిలే మనుషుల అంచులు దువ్వెన పళ్లలా చీలినట్టు కనిపిస్తున్నాయి. ఇది సహజమేనా?

జవాబు: గట్టు మీద, రాజమహేంద్రవరం

దువ్వెన పళ్లు సహజమే. రెండు వేర్వేరు క్షణాల గీతలు కలిసి కనబడడం వల్ల అలా ఉంటుంది. ప్లేయర్ గానీ టీవీ గానీ వాటిని విడదీసి చూపిస్తుంది. వీఎల్‌సీలో కూడా డీఇంటర్లేస్ ఆన్ చేసి చూడండి. విడదీసిన తరువాత కూడా కదలిక ముందుకు వెనక్కు తుళ్లుతూ ఉంటే మాత్రం ఫీల్డుల వరుస తారుమారైందని అర్థం. పై ఫీల్డు ముందు అన్న ఎంపికను ఫిల్టర్‌లోను, ఎన్‌కోడర్‌లోను ఒకేలా పెట్టాలి.

ఫోన్ భాగాన్ని ఆ వరుసలోంచి బయటికి తీయడమే మేలు. 30 ఫ్రేములను 50లోకి సమంగా పంచడం కుదరదు కాబట్టి కొన్ని రెండేసి సార్లు, కొన్ని ఒక్కసారి పడతాయి, మీరు చూస్తున్న కుదుపు అదే. పైగా ఫోన్లు వెలుగును బట్టి ఫ్రేముల వేగాన్ని మారుస్తూ ఉంటాయి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటు ఎంచుకుని ముందుగా 29.97కు తెచ్చి, దాన్ని 59.94 ఫీల్డుల 1080ఐగా, అదే డిస్క్ మీద విడి టైటిల్‌గా (విడిగా ఆడే భాగంగా) పెట్టండి. డిస్క్ మీద రెండు రకాల వేగాలు ఉండవచ్చు, ఒకే ప్లేలిస్ట్‌లో కలవకపోతే చాలు. టీఎస్‌మక్సర్ సాధారణంగా ఒక్క టైటిల్‌నే కడుతుంది, మెనూ కట్టదు. రెండు టైటిళ్లు, వాటికొక చిన్న మెనూ కావాలంటే మల్టీఏవీసీహెచ్‌డీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. చూడడానికి పాతకాలపు వాలకంగా ఉంటుంది కానీ పని తెలిసినది.

జవాబు: స్టూడియో వెనక గది, భీమవరం

పెళ్లి వీడియోలు తీసే వృత్తిలో ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. మా దగ్గర ఇప్పుడు డిస్క్ అడిగేవారు దాదాపు లేరు. పెన్‌డ్రైవ్‌లో ఎంపీ4 వేసి ఇస్తాము, టీవీకి గుచ్చుకుని చూసుకుంటారు. ఈ బఫర్లు, ఫీల్డులు, లెవెళ్ల బాధ ఉండదు.

డిస్కే కావాలనుకుంటే మాత్రం నేను 1080ఐ జోలికి పోకుండా 720పీ 50కే ఓటు వేస్తాను. ఫీల్డుల తారుమారు అన్న సమస్యే పుట్టదు, మామూలు సైజు టీవీలో సోఫా దూరం నుంచి చూసేవారికి ఆ తేడా తెలియదు. ఇంకో మాట. బంధువులకు పంచడానికి కౌశిక ఘట్టం వరకే చాలనుకుంటే బ్లూ-రే డిస్క్ కూడా అక్కర్లేదు. మామూలు 4.7 జీబీ డీవీడీ మీదే ఏవీసీహెచ్‌డీ పద్ధతిలో హెచ్‌డీ వీడియో రాయవచ్చు. ఈ పద్ధతిని సోనీ, పానసోనిక్ 2006లో తెచ్చాయి. డీవీడీ మీద రేటు 18 ఎంబీపీఎస్ దాటకూడదు, ఆ లెక్కన సుమారు 35 నిమిషాలు పడుతుంది. చాలా బ్లూ-రే ప్లేయర్లు దాన్ని ఆడిస్తాయి, పాత డీవీడీ ప్లేయర్లు మాత్రం ఆడించలేవు. కొన్నవారికి ఈ తేడా ముందే చెప్పకపోతే తరువాత ఫోన్లు మోగుతూనే ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు: ప్రభల వీధి, అంబాజీపేట

పెన్‌డ్రైవ్ నిరుడు ఇచ్చామండి. పిల్లలు దానిలోది చెరిపి పాటలు ఎక్కించుకున్నారు. ఒకసారి రాస్తే చెరగని డిస్క్ అయితేనే మా ఇంట్లో నిలుస్తుంది. డీవీడీ సలహా బాగుంది, మిగతా బంధువులకు ఆ విధంగా ఇస్తాను. ఇంతకూ డిస్కులు ఏ రకం కొనాలి? దుకాణంవారు ఇచ్చిన డిస్క్ అడుగు భాగం బంగారు ఛాయలో ఉంది, మా దగ్గరున్న సినిమా డిస్కులు అలా లేవు.

జవాబు: పాత పుస్తకాల బీరువా, నరసాపురం

సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఫొటోలు, క్యాసెట్లు, డిస్కులు దాచుకునేవాణ్ణి కనుక ఈ భాగం నేను చెబుతాను.

ఒకసారి రాసే బ్లూ-రే డిస్కులలో రెండు జాతులున్నాయి. హెచ్‌టీఎల్ అనేది అకర్బన పదార్థపు పొర మీద రాసేది, ఎల్‌టీహెచ్ అనేది డీవీడీలలో మాదిరి సేంద్రియ రంగు పొర మీద రాసేది. రెండోది చవకగా తయారు చేయడానికి తరువాత వచ్చింది. కొన్ని పాత ప్లేయర్లు దాన్ని చదవలేవు, వెలుగుకు, వేడికి తట్టుకునే శక్తి కూడా తక్కువ. మీరు చెప్పిన బంగారు ఛాయ ఎల్‌టీహెచ్‌లో సాధారణంగా కనిపిస్తుంది. హెచ్‌టీఎల్ అడుగు భాగం ముదురు రంగులో ఉంటుంది. అయితే రంగును బట్టే తేల్చకుండా పెట్టె మీద ఎల్‌టీహెచ్ అన్న అక్షరాలు ఉన్నాయేమో చూడండి. ఎం-డిస్క్ అనే రకం దీర్ఘకాలం దాచడానికే చేసినది. ధర ఎక్కువ కాబట్టి అసలు ప్రతికి ఒక్కటి కొంటే సరిపోతుంది.

కొనడం వాయిదా వేయకండి. పానసోనిక్ 2023 ఫిబ్రవరిలో, సోనీ 2025 ఫిబ్రవరిలో రాసుకునే బ్లూ-రే డిస్కుల తయారీని ఆపేశాయి. మిగిలిన కంపెనీల డిస్కులు దొరుకుతున్నాయి కానీ మన పట్టణాల దుకాణాల్లో ఉన్నవి ఏనాటి సరుకో చెప్పలేము. ఎక్కడ కొన్నా ముందు ఒక్కటి రాసి చూసి, తరువాత మిగతావి తెప్పించుకోండి.

పట్టుకోవడంలో జాగ్రత్త డీవీడీకి కావలసినదానికంటే ఎక్కువే కావాలి. డీవీడీలో సమాచారపు పొర అడుగు తలానికి 0.6 మిల్లీమీటర్ల లోతున, రెండు పలకల నడుమ ఉంటుంది. బ్లూ-రేలో అది కేవలం 0.1 మిల్లీమీటరు లోతున ఉంటుంది. 405 నానోమీటర్ల ఊదా నీలి లేజర్‌ను అంత సన్నని చుక్కగా కేంద్రీకరించడానికి ఆ పొర పైకి రావలసి వచ్చింది. గీతలు పడకుండా గట్టి పూత వేస్తారు, అయినా వేలిముద్ర గానీ ఇసుక రేణువు గానీ పడితే చదువు తడబడుతుంది. అంచులు పట్టుకునే ఎత్తండి. పేరు రాయడానికి కాగితపు లేబుల్ అంటించవద్దు, అది తిరిగేటప్పుడు బరువు ఒక పక్కకు లాగుతుంది, తేమకు ఉబ్బుతుంది. పై భాగం మీద సీడీ మార్కర్‌తో రాస్తే చాలు.

మన దగ్గర శ్రావణ భాద్రపదాల్లో బీరువాలోని పట్టుచీరలకే బూజు పడుతుంది. కాగితపు కవర్లు తేమను పీల్చి డిస్క్‌కు అంటుకుంటాయి కాబట్టి గట్టి ప్లాస్టిక్ కేసులో నిలువుగా పెట్టి, పక్కన సిలికా జెల్ పొట్లాలు ఉంచి, వాటిని ఏటా మార్చండి. డిస్కులన్నీ ఒకే ఇంట్లో ఉంచవద్దు. 1996 నవంబరు తుపానులో కోనసీమ ఇళ్ల కప్పులు ఎలా లేచిపోయాయో మీ పెద్దలను అడిగితే చెబుతారు, 2022 జూలై వరదకు లంక గ్రామాల్లో నీళ్లు ఎంత మేర నిలిచాయో మీరే చూసి ఉంటారు. ఒక ప్రతి ఏ హైదరాబాదులోనో ఉన్న బంధువుల ఇంట్లో ఉంచండి. అసలు కామ్‌కార్డర్ ఫైళ్లను విడిగా హార్డ్ డిస్క్‌లో దాచండి. డిస్క్ కోసం ఇంటర్లేస్ చేసినదాన్ని మళ్లీ పూర్వరూపానికి తేలేము.

జవాబు: గట్టు మీద, రాజమహేంద్రవరం

నరసాపురంవారు చెప్పినదానికి బర్న్ చేసే పద్ధతిని జోడిస్తాను. డిస్కులు రాసే ఇమ్‌గ్‌బర్న్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. దాని చివరి వెర్షన్ 2.5.8.0 2013 నాటిదైనా ఇప్పటికీ పనిచేస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వేరే సాఫ్ట్‌వేర్లు కూడా వేయమంటావా అని అడిగితే ఒప్పుకోకండి. ఫోల్డర్‌ను డిస్క్‌గా రాసే ఎంపికలోకి వెళ్లి, బీడీఎంవీ, సర్టిఫికెట్ ఫోల్డర్లు డిస్క్ మూలంలోనే (వేరే ఫోల్డర్ లోపల కాకుండా అన్నిటికంటే పైన) పడేటట్టు చూడండి. వాటిని మరో ఫోల్డర్‌లో పెట్టి రాస్తే మళ్లీ దుకాణం డిస్క్ కథే అవుతుంది. ఫైల్ సిస్టమ్ యూడీఎఫ్ 2.50. వేగం 4ఎక్స్ చాలు, 1ఎక్స్ అంటే సెకనుకు 36 మెగాబిట్లు కాబట్టి మీ డిస్క్ ఇరవై నిమిషాలకు కాస్త అటూ ఇటూగా పూర్తవుతుంది. రాసిన తరువాత సరిచూసే వెరిఫై గుర్తును తీసేయకండి.

యూఎస్‌బీ రైటర్‌ను కంప్యూటర్ వెనుక ఉన్న పోర్టుకే నేరుగా కలపండి. రాసే సమయంలో లేజర్ ఎక్కువ కరెంటు లాగుతుంది, హబ్ ద్వారా ఇస్తే మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉంది. కంప్యూటర్ యూపీఎస్ మీద లేకపోతే ఆ పని మొదలుపెట్టనే వద్దు. ఒకసారి రాసే డిస్క్ సగంలో ఆగితే ఇక దానితో కాఫీ కప్పు కింద పెట్టుకోవడమే. మొదటి ప్రయత్నాన్ని చెరిపి రాసుకునే బీడీ-ఆర్ఈ డిస్క్ మీద చేసి, దాన్ని అమలాపురం తీసుకెళ్లి ఆ ప్లేయర్‌లోనే ఆడించి చూడండి.

ప్రశ్న అడిగినవారు: ప్రభల వీధి, అంబాజీపేట

బీడీ-ఆర్ఈ మీద 1080ఐ పద్ధతిలోనే రాసి ఆ ప్లేయర్‌లో పెట్టి చూశామండి. బొమ్మ, శబ్దం రెండూ వచ్చాయి, ప్రభలు కౌశికలో దిగేటప్పుడు కూడా ఎక్కడా ఆగలేదు. ఫోన్ భాగం రెండో టైటిల్‌గా వచ్చింది. అది మొదలయ్యేటప్పుడు మాత్రం టీవీ ఒక్క క్షణం నల్లబడుతోంది. ఇంకొక సంగతి, 2ఎక్స్ వేగంతో రాయడానికి నేను వేసుకున్న లెక్కకు రెట్టింపు సమయం పట్టింది. రైటర్‌లో లోపమా?

జవాబు: గట్టు మీద, రాజమహేంద్రవరం

నల్లబడడం 50 నుంచి 59.94కు టీవీ తన వేగాన్ని మార్చుకోవడం వల్ల వచ్చేది. దానికి చేయవలసింది ఏమీ లేదు. రెట్టింపు సమయానికి కూడా రైటర్ కారణం కాదండి. బీడీ-ఆర్ఈ మీద రాసేటప్పుడు డ్రైవ్ తాను రాసిన ప్రతి భాగాన్ని వెంటనే చదివి చూసుకుని, చెడ్డ చోటు కనబడితే ఆ సమాచారాన్ని డిస్క్‌లో విడిగా ఉంచిన స్థలానికి మారుస్తుంది. ఇమ్‌గ్‌బర్న్ సెట్టింగుల్లో రాసే విభాగంలో బీడీ-ఆర్ఈకి ఫాస్ట్‌రైట్ అని, ఒకసారి రాసే బీడీ-ఆర్‌కు వెరిఫై అక్కర్లేదు అని రెండు ఎంపికలున్నాయి, వాటిని ఆన్ చేస్తే ఆ మధ్యలోని తనిఖీ ఆగి పూర్తి వేగం వస్తుంది. అలా చేసినప్పుడు చివర్లో జరిగే వెరిఫైని మాత్రం ఉంచుకోండి, రెండూ తీసేస్తే డిస్క్ బాగుందో లేదో మీ పెదనాన్నగారి ప్లేయరే చెప్పాల్సి వస్తుంది.